జెరంటాలజీని మైనర్‌గా చదవవచ్చా? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో అయిదు జెరంటాలజీ, అంటే వృద్ధాప్య శాస్త్రం గురించి అడిగినవే. అన్నీ బెంగళూరులో ఉంటున్న తెలుగువారు రాసినవి కావడంతో వాటిని కొంత కుదించి ఒకేచోట ఇస్తున్నాను.

ప్రశ్న: మేడమ్‌గారికి నమస్కారాలు. నేను ఒక ప్రైవేటు విశ్వవిద్యాలయంలో బీకాం మొదటి సంవత్సరం పూర్తి చేశాను. ఇప్పుడు మైనర్, అంటే ప్రధాన సబ్జెక్టుకు తోడుగా చదివే రెండో సబ్జెక్టు ఎంచుకోవాలి. మాకు ఇచ్చిన జాబితాలో జెరంటాలజీ ఉంది, దాని పాఠాలన్నీ ఆన్‌లైన్‌లోనే చెబుతారట. తాతయ్య పోయాక మా అమ్మమ్మను ఒంగోలు దగ్గరి పల్లె నుంచి మా ఫ్లాట్‌కు తీసుకొచ్చాము. ఊళ్ళో ఉన్నప్పుడు సంతకు ఒక్కతే వెళ్ళి వచ్చిన మనిషి, ఇక్కడ కిందికి దిగాలన్నా నేను కాలేజీ నుంచి వచ్చేదాకా ఎదురుచూస్తుంది. ఆవిడను చూస్తున్నప్పటి నుంచే నాకు ఈ విషయం మీద మనసు పోయింది. నాన్నగారేమో "కామర్స్ చదివేవాళ్ళకు ముసలివాళ్ళ చదువెందుకు, డేటా అనలిటిక్స్ తీసుకో" అంటున్నారు. ఇందులో అసలు ఏమి నేర్పుతారు? ఆన్‌లైన్‌లో చదివితే విలువ ఉంటుందా?
ఒక విద్యార్థిని, వైట్‌ఫీల్డ్

జవాబు: తీసుకోండమ్మా. అయితే క్రెడిట్ల (కోర్సులో చదువును లెక్కకట్టే కొలత) సంగతి, క్షేత్రకార్యం (ఫీల్డ్ వర్క్) సంగతి తేల్చుకున్న తరువాతే తీసుకోండి. ఆ రెండింటి గురించి కింద వివరంగా రాస్తాను.

ముందు నాన్నగారి మాట. అది కొట్టిపారేయదగిన మాట కాదు. మైనర్ అనేది మేజర్‌కు, అంటే ప్రధాన సబ్జెక్టుకు తోడుగా నిలిచే చదువే కానీ, తనంతట తాను ఉద్యోగం తెచ్చిపెట్టే చదువు కాదు. దాన్ని మనస్తత్వశాస్త్రం విద్యార్థి ఒక రకంగా, సోషల్ వర్క్ విద్యార్థి మరో రకంగా, మీరు ఇంకో రకంగా ఉపయోగించుకుంటారు. కాబట్టి కామర్స్‌కు ఇదెందుకు అన్న ప్రశ్నకు సమాధానం కామర్స్‌లోనే వెతకాలి. వెతికితే అక్కడ కావలసినంత దొరుకుతుంది.

2011 జనాభా లెక్కల నాటికే దేశంలో 60 ఏళ్లు దాటినవారు 10 కోట్లకు పైగా ఉన్నారు. 2050 నాటికి ప్రతి అయిదుగురిలో ఒకరు ఆ వయసువారే అవుతారని ఐక్యరాజ్యసమితి జనాభా నిధి 2023లో వెలువరించిన భారత వృద్ధాప్య నివేదిక అంచనా వేసింది. వీరిలో ఉద్యోగ విరమణ పింఛను ఉన్నవారు కొద్దిమందే. తక్కినవారు దేని మీద బతుకుతారన్నది అచ్చంగా మీ సబ్జెక్టుకు సంబంధించిన ప్రశ్న. జాతీయ వృద్ధాప్య పింఛనులో కేంద్రం వాటా 79 ఏళ్ల వరకు నెలకు 200 రూపాయలు, 80 నిండాక 500 రూపాయలు మాత్రమే. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2024 జులై నుంచి 4,000 రూపాయలు ఇస్తోంది. ఆ డబ్బును నెల మొదట్లో లబ్ధిదారు ఇంటికే తెచ్చి ఇస్తారు కనుక, బెంగళూరులో కొడుకు దగ్గరో కూతురి దగ్గరో ఉంటున్న తల్లి దాని కోసం సొంతూరికి బస్సెక్కవలసి వస్తుంది. నాకు తెలిసిన ఇళ్లలో ఈ ప్రయాణం ఒక పెద్ద చర్చ. పిల్లలు "ఆ డబ్బు మేమిస్తాం, వెళ్ళకమ్మా" అంటారు, ఆవిడ వినదు. అది తన పేరు మీద, తన చేతికి వచ్చే డబ్బు. ఈ పట్టుదలను అర్థం చేసుకోకుండా పెద్దల కోసం ఏ ఆర్థిక పథకాన్ని తయారుచేసినా అది కాగితం మీదే మిగిలిపోతుంది.

రివర్స్ మార్ట్‌గేజ్ సంగతి చూడండి. సొంత ఇంటిని బ్యాంకుకు తాకట్టు పెట్టి, అందులోనే ఉంటూ నెలనెలా డబ్బు తీసుకునే ఈ పద్ధతిని 2007 బడ్జెట్‌లో ప్రకటించారు. లెక్క ప్రకారం ఆస్తి ఉండి ఆదాయం లేని వృద్ధులకు ఇది చక్కగా సరిపోవాలి. అయినా మన దేశంలో అది పుంజుకోలేదు. ఇల్లు పిల్లలకు దక్కవలసిందన్న భావన, బ్యాంకు కాగితాల మీద సంతకం పెడితే కొడుకును నమ్మనట్టు అవుతుందేమోనన్న జంకు వడ్డీ పట్టికలలో కనిపించవు. మరోవైపు ఉన్నదంతా పిల్లల పేర రాసేసి, ఆ తరువాత గంజికి కూడా గతిలేక మిగిలినవారున్నారు. వారి కోసమే తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. తనను చూసుకోవాలన్న షరతు మీద ఆస్తి రాసిచ్చిన పెద్దమనిషిని ఆ పిల్లలు చూడకపోతే, ఆ బదిలీ చెల్లదని ట్రిబ్యునల్ ప్రకటించడానికి ఆ చట్టంలోని 23వ సెక్షన్ వీలు కల్పిస్తుంది. పొదుపు, బీమా, పన్ను, వారసత్వం చదివిన కామర్స్ విద్యార్థికి వృద్ధుల జీవితం కూడా తెలిస్తే బ్యాంకులలో, బీమా సంస్థలలో, వృద్ధుల కోసం కడుతున్న గృహసముదాయాల నిర్వహణలో అక్కరకు వస్తుంది. నాన్నగారికి ఈ కోణంలో చెప్పి చూడండి. డేటా అనలిటిక్స్ మీద ఆయనకున్న గురికీ ఇక్కడ చోటుంది. 45 ఏళ్లు దాటిన దాదాపు 72,000 మందిని కలిసి, వారి ఆరోగ్యం, ఆదాయం, కుటుంబం గురించి వివరాలు సేకరించిన లాసీ అనే జాతీయ సర్వే తొలి విడత నివేదిక 2021 జనవరిలో వెలువడింది. ఆ సమాచారాన్ని పరిశోధకులు అడిగి తీసుకోవచ్చు.

ఇక ఏమి నేర్పుతారన్నది. శరీరం ఎందుకు ముసలిదవుతుందన్న జీవశాస్త్రం కొంత ఉంటుంది. మనిషి శరీరంలోని మామూలు కణం సుమారు 50 సార్లు విభజన చెందాక ఆగిపోతుందని హేఫ్లిక్ అనే అమెరికా శాస్త్రవేత్త 1961లో చూపిన సంగతి అక్కడ వస్తుంది. జ్ఞాపకం, నిద్ర, దిగులు, వియోగం వంటివి మనస్తత్వశాస్త్రం కింద వస్తాయి. సమాజశాస్త్రం భాగం నాకు అన్నిటికన్నా ఇష్టం. వయసు మీద పడేకొద్దీ మనిషి సమాజం నుంచి, సమాజం మనిషి నుంచి క్రమంగా దూరం జరగడం సహజమని 1961లో అమెరికాలో ఒక సిద్ధాంతం వచ్చింది. దాన్ని చదవగానే మన విద్యార్థులకు వానప్రస్థం గుర్తుకొస్తుంది. ఆ పోలిక దగ్గరే ఆగిపోకూడదు. వానప్రస్థం మనిషి తానై ఎంచుకునేది. పలకరించేవాళ్ళు లేక ఒక మూలకు చేరడం వేరు. ఆ సిద్ధాంతం మీద తరువాత వచ్చిన విమర్శలలో కొన్ని ఈ తేడాను పట్టుకున్నవే. వయసును బట్టి మనిషిని తక్కువగా చూడడాన్ని రాబర్ట్ బట్లర్ అనే వైద్యుడు 1969లో జాతి వివక్ష, లింగ వివక్షల వరుసలో చేర్చి చూపాడు. ఈ భాగం చదివాక టీవీ ప్రకటనలలో ముసలివాళ్ళను ఎలా చూపుతున్నారో మీకు కొత్తగా కనబడుతుంది.

ఇదంతా ఆన్‌లైన్‌లో బాగానే వస్తుంది. ఇంకా చెప్పాలంటే, పాఠాన్ని ఆపి మళ్ళీ వినే వీలున్నందువల్ల తరగతి గదిలో కన్నా మేలుగానే వస్తుంది. చిక్కు వచ్చేది కొలమానాల దగ్గర. పెద్దవారు తమ పనులు తాము ఎంతవరకు చేసుకోగలుగుతున్నారో తెలుసుకోవడానికి లాటన్, బ్రోడీ అనే అమెరికా పరిశోధకులు 1969లో ఎనిమిది అంశాల పట్టిక ఒకటి తయారుచేశారు. ఫోన్ చేయడం, సరుకులు తెచ్చుకోవడం, వంట, ఇల్లు చక్కబెట్టుకోవడం, బట్టలుతుక్కోవడం, ప్రయాణం, మందులు వేసుకోవడం, డబ్బు చూసుకోవడం. దీన్ని తెర మీద చూసి ఒక పూటలో కంఠస్థం చేయవచ్చు. ఇప్పుడు అదే పట్టికతో మీ అమ్మమ్మగారిని ఒంగోలు దగ్గరి ఊళ్ళో ఒకసారి, మీ ఫ్లాట్‌లో ఒకసారి చూడండి. ఊళ్ళో అన్నిటికీ పూర్తి మార్కులు వచ్చే మనిషికి ఇక్కడ సరుకుల దగ్గర సున్నా, ప్రయాణం దగ్గర సున్నా. మోకాళ్ళు అవే, మతి అదే. మారినవల్లా లిఫ్టు మీటలు, గేటు దగ్గర అడిగే ఓటీపీ, కన్నడమో హిందీయో తప్ప తెలుగు రాని వాచ్‌మన్, ఫోన్ లేనిదే తెరుచుకోని దుకాణం. మనిషి సామర్థ్యాన్ని ఆమె ఉన్న చోటు నుంచి విడదీసి కొలవలేమని, చోటు పెట్టే ఒత్తిడి ఎక్కువైతే సమర్థురాలూ అసమర్థురాలిలా కనిపిస్తుందని లాటన్, నహెమావ్ 1973లోనే వాదించారు. ఈ వాదనను పరీక్షలో రాయడం సులువు. ఒక పెద్దావిడ ఎదుట కూర్చుని, సున్నా వేయబోయిన చేతిని ఆపి, "ఇది ఆవిడ లోపమా, ఈ అపార్ట్‌మెంటు లోపమా" అని అడగగలగడమే అసలు చదువు. అది మనుషుల మధ్యే వస్తుంది.

మరొక ఉదాహరణ చెబుతాను. పడిపోయే ప్రమాదం ఎంతుందో చూడడానికి పెద్దవారిని కుర్చీలోంచి లేచి, మూడు మీటర్లు నడిచి, వెనక్కి తిరిగి వచ్చి కూర్చోమంటారు. దానికి 12 సెకన్లో, అంతకన్నా ఎక్కువో పడితే జాగ్రత్త పడాలంటారు. వీడియోలో మీకు కనిపించేది గడియారం ఒక్కటే. పక్కన నిలబడి చూసినవారికి మరెన్నో కనబడతాయి. లేవడానికి ఆవిడ కుర్చీ చేతులను ఎంత గట్టిగా పట్టుకుంది, వెనక్కి తిరిగేటప్పుడు ఎన్ని చిన్న అడుగులు వేసింది, చీర అంచు పాదం కిందికి వస్తోందా, కళ్ళజోడు పాతదై నేల సరిగా ఆనడం లేదా, ఇవన్నీ తరువాత చెప్పవలసిన సలహాను మార్చేస్తాయి. అందుకే, కోర్సులో పర్యవేక్షకుల కింద చేసే క్షేత్రకార్యం ఉందో లేదో ముందే అడగండి. విశ్వవిద్యాలయాలకు నియమాలు పెట్టే యూజీసీ చట్రంలో 30 గంటల క్షేత్రకార్యానికి ఒక క్రెడిట్ ఇచ్చే పద్ధతి ఉంది. కోర్సులో అది లేకపోతే, ఏదైనా డే కేర్ కేంద్రంలోనో వృద్ధాశ్రమంలోనో వారానికి ఒక పూట పనిచేయడానికి మీ విభాగం నుంచి అనుమతి పత్రం తీసుకోండి. ప్రాజెక్టు మాత్రం అమ్మమ్మగారి మీద చేయకండి. ఆవిడ మనవరాలితో చెప్పుకున్న మాటలు మార్కుల కోసం నలుగురిలోకి వెళ్ళకూడదు. పైగా మీరడిగితే కాదనలేరు కనుక ఆవిడ ఇచ్చే అంగీకారాన్ని స్వేచ్ఛగా ఇచ్చినదనలేము.

క్రెడిట్ల సంగతి. యూజీసీ 2022 డిసెంబరులో ప్రకటించిన చట్రం ప్రకారం మూడేళ్ల డిగ్రీకి 120 క్రెడిట్లు, అందులో మైనర్‌కు 24. నాలుగేళ్ల డిగ్రీకయితే 160 క్రెడిట్లు, మైనర్‌కు 32. కర్ణాటక ప్రభుత్వం 2024-25 నుంచి తన పరిధిలోని విశ్వవిద్యాలయాలలో మళ్ళీ మూడేళ్ల డిగ్రీకి వెళ్ళింది. అక్కడ పేపర్ల అమరిక వేరుగా ఉంటుంది కాబట్టి స్నేహితుల కాలేజీ నిబంధనలను మీకు అన్వయించుకోకండి. మీ ఆన్‌లైన్ పేపర్లు మీ విశ్వవిద్యాలయం సొంతవా, కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ పాఠాల వేదిక అయిన స్వయంవా, ఏదైనా ప్రైవేటు సంస్థవా అని రిజిస్ట్రార్ కార్యాలయాన్ని రాతపూర్వకంగా అడగండి. స్వయం పేపర్లయితే ఒక సెమిస్టరులోని పేపర్లలో 40 శాతం వరకు వాటి ద్వారా చేసి క్రెడిట్లు బదిలీ చేసుకోవడానికి 2021 నిబంధనలు అనుమతిస్తాయి, కానీ విశ్వవిద్యాలయం ఆ పేపరును ముందుగా ఆమోదించి ఉండాలి. పరీక్ష రాశాక అడిగి లాభం లేదు. ప్రైవేటు సంస్థ సర్టిఫికెట్ అయితే అది మైనర్ కాదు. మార్కుల జాబితాలో మైనర్ పేరు అచ్చవుతుందా అన్నది కూడా అప్పుడే కనుక్కోండి.

ప్రశ్న: మాది కోలారు జిల్లా శ్రీనివాసపురం. ఇంట్లో తెలుగే మాట్లాడుతాం. బెంగళూరులో బీఏ సైకాలజీ చదువుతూ ఆన్‌లైన్‌లో జెరంటాలజీ మైనర్ చేస్తున్నాను. ప్రాజెక్టు తెలుగు పెద్దవాళ్ళతో చేస్తానంటే, తెలుగులో పరీక్షలూ లేవు, పరిశోధనా లేదు, ఇంగ్లీషు తెలిసినవారిని ఎంచుకోమని తోటివారు సలహా ఇస్తున్నారు. మీరేమంటారు?
ఒక విద్యార్థి, కె.ఆర్. పురం

జవాబు: ఆ సలహా వినకండి. మీరు పుట్టిన తాలూకాలోనే మన దేశంలోని ముఖ్యమైన వృద్ధాప్య అధ్యయనాలలో ఒకటి జరుగుతోంది. భారతీయ విజ్ఞాన సంస్థ ఆవరణలోని సెంటర్ ఫర్ బ్రెయిన్ రీసెర్చ్ వారు శ్రీనివాసపురం పల్లెలలో 45 ఏళ్లు దాటిన 10,000 మందిని చేర్చుకుని, ఏళ్ల తరబడి వారి జ్ఞాపకశక్తిని, ఆరోగ్యాన్ని గమనించాలన్న లక్ష్యంతో సాన్స్‌కాగ్ అనే అధ్యయనాన్ని 2018లో మొదలుపెట్టారు. మతిమరుపు జబ్బుల మీద లోకంలో ఉన్న పరిజ్ఞానంలో ఎక్కువ భాగం పాశ్చాత్య దేశాల చదువుకున్న పట్టణవాసుల నుంచి వచ్చింది. మీ ఊరి రైతు, మీ ఊరి పట్టుపురుగుల పెంపకందారు ఇచ్చే సమాచారానికి ఉన్న విలువ అందులోనే ఉంది.

పరిశోధన లేదన్న మాట కూడా నిజం కాదు. భారతదేశంలో వృద్ధాప్య మనస్తత్వశాస్త్రానికి బాట వేసినవారిలో పి.వి. రామమూర్తి ఒకరు. ఆయన పనిచేసింది తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో. అక్కడి మనస్తత్వశాస్త్ర విభాగంలో వృద్ధాప్య పరిశోధనకు ప్రత్యేక కేంద్రం ఏర్పడింది. తరువాత హైదరాబాదు నిమ్స్ ఆసుపత్రిలో నాడీ వైద్యురాలు సువర్ణ అల్లాడి, ఆమె సహచరులు 648 మంది డిమెన్షియా (మతిమరుపు జబ్బు) రోగుల వివరాలు పరిశీలించి 2013లో ప్రచురించిన పత్రం ప్రపంచమంతా చర్చకు వచ్చింది. ఒకే భాష వచ్చినవారికన్నా రెండు లేదా అంతకు మించి భాషలు మాట్లాడేవారిలో జబ్బు లక్షణాలు సగటున నాలుగున్నర ఏళ్లు ఆలస్యంగా బయటపడ్డాయని వారు గమనించారు. బడికి వెళ్ళనివారిలోనూ ఆ తేడా కనిపించింది కాబట్టి, అదంతా చదువు మహిమేనని తోసిపుచ్చడానికి వీలు లేకపోయింది. తెలుగు, ఉర్దూ, హిందీ కలగలిసిన హైదరాబాదులో తప్ప ఇటువంటి పరిశీలన సులువుగా సాధ్యమయ్యేది కాదు. తెలుగు, కన్నడం రెండూ సమంగా నాలుక మీద ఆడే మీ ప్రాంతం కూడా ఈ విషయంలో తక్కువది కాదు. అల్లాడి గారు ఆ తరువాత బెంగళూరులోని మానసిక, నాడీ వైద్య సంస్థ నిమ్హాన్స్‌కు వచ్చారు. ఆమె ప్రచురించిన పత్రాలు చదవండి.

పరీక్షల విషయంలో మాత్రం మీ తోటివారు చెప్పినదాంట్లో కొంత నిజముంది. 1975 నుంచి వాడుకలో ఉన్న మతిని, జ్ఞాపకాన్ని చూసే 30 మార్కుల ఎంఎంఎస్‌ఈ పరీక్షలో ఒక వాక్యం రాయమంటారు, కాగితం మీద రాసినది చదివి అలా చేయమంటారు, ఒకదాని మీద ఒకటి పడిన రెండు పంచభుజులను చూసి గీయమంటారు. జన్మలో కలం పట్టని అవ్వ వీటి దగ్గర పోగొట్టుకునే మార్కులకు మతిమరుపు కారణం కాదు. పరీక్షను మాటకు మాటగా తెలుగులోకి దించితే ఈ చిక్కు తీరదు. అవ్వ జీవితంలో ఆ పనికి సమానమైన పని ఏదో వెతకాలి. తేదీ అడిగితే చెప్పలేని మనిషి, అమావాస్య పోయి ఎన్నాళ్ళయిందో, ఇప్పుడు ఏ కార్తె నడుస్తోందో తడుముకోకుండా చెబుతుంది. డిగ్రీ స్థాయి ప్రాజెక్టులో మీరు కొత్త పరీక్ష తయారుచేయలేరు, చేయనక్కరలేదు. ఇప్పటికే ఉన్న ఒక పరీక్షలోని ప్రశ్నలు తెలుగు పెద్దలకు ఎక్కడ అందుతున్నాయో, ఎక్కడ అందడం లేదో పదిమందితో మాట్లాడి నమోదు చేస్తే చాలు. ఎవరికీ జబ్బు ఉందని గానీ లేదని గానీ మీరు చెప్పకూడదు. ఆ అధికారం మీకు లేదని మొదటి పేజీలోనే రాయండి.

ప్రశ్న: నేను బీటెక్ కంప్యూటర్ సైన్స్ రెండో సంవత్సరం. పెద్దవాళ్ళకు పనికొచ్చే ఆప్ తయారుచేయాలని ఉంది. దాని కోసం జెరంటాలజీ మైనర్ చేయడం తెలివైన పనేనా?
ఒక విద్యార్థి, మారతహళ్ళి

జవాబు: మీ కాలేజీలో వీలుంటే తెలివైన పనే. ఇంజినీరింగ్‌లో మైనర్‌కు, సాంకేతిక విద్యను పర్యవేక్షించే ఏఐసీటీఈ పద్ధతి ప్రకారం మామూలు క్రెడిట్ల మీద అదనంగా 18 నుంచి 20 క్రెడిట్లు చేయాలి. బ్యాక్‌లాగ్‌లు ఉన్నవారు ఈ బరువు ఎత్తుకోవద్దని నా సలహా.

ఆప్ ఆలోచనను మాత్రం కొన్నాళ్ళు పక్కన పెట్టండి. మీ వీధిలోని పెద్దవాళ్ళు ఫోన్‌లో దేనికి జంకుతున్నారో ముందు చూడండి. అక్షరాల సైజు పెంచినంత మాత్రాన ఆ జంకు పోదు. తప్పు నొక్కితే డబ్బు పోతుందేమోనన్న భయమే చాలామందిని ఆపుతుంది. డిమెన్షియా రిస్కును పెంచే కారణాలలో మార్చుకోదగినవి 14 అని లాన్సెట్ వైద్య పత్రిక ఏర్పరిచిన కమిషన్ 2024లో తేల్చింది. వినికిడి లోపం, చికిత్స అందని చూపు లోపం రెండూ అందులో ఉన్నాయి. వినికిడి యంత్రం కొని కూడా గరగర శబ్దం భరించలేక దాన్ని బీరువాలో దాచేసే పెద్దవాళ్ళు మన ఇళ్లలో ఎందరో ఉన్నారు. ఇంజినీరు చేయగలిగిన మేలు అక్కడ చాలా ఉంది. ఇంట్లో కెమెరాలు పెట్టి తల్లిదండ్రులను ఫోన్‌లో కనిపెట్టే పరికరాల మీద మీకు మోజు ఉంటే, సమ్మతి, గోప్యతల గురించిన పేపరును వదలకండి. 75 ఏళ్ల మనిషికి కూడా తలుపు వేసుకునే హక్కు ఉంది.

ప్రశ్న: మా అమ్మాయి ఈ మైనర్ చేస్తే విదేశాలలో నర్సింగ్ హోముల్లో ఉద్యోగం వస్తుందని ఒక ఏజెంటు చెబుతున్నాడు. నిజమేనా?
ఒక తండ్రి, బీటీఎం లేఅవుట్

జవాబు: కాదండీ. జెరంటాలజీ మైనర్ నర్సింగ్ అర్హత కాదు, వైద్య అర్హత అసలే కాదు. వృద్ధుల వైద్యం వేరే శాఖ. డాక్టర్ వి.ఎస్. నటరాజన్ చొరవతో మద్రాసు ప్రభుత్వ ఆసుపత్రిలో 1978లో దానికి విడిగా విభాగం మొదలైంది, మద్రాసు మెడికల్ కాలేజీలో 1996లో ఎండీ కోర్సు వచ్చింది. అది ఎంబీబీఎస్ చేసినవారికే. నర్సింగ్ కావాలంటే కాలేజీకి వెళ్ళి నర్సింగే చదవాలి. మనస్తత్వశాస్త్రం, పోషకాహారం వంటి ఆరోగ్య సంబంధ విషయాలలో సైతం ఆన్‌లైన్, దూరవిద్య డిగ్రీలు ఇవ్వవద్దని యూజీసీ 2025లో ఆదేశించిందంటే, ఇంట్లో కూర్చుని రోగుల సంరక్షణ నేర్చుకోవచ్చన్న మాటను ఎంత నమ్మాలో మీరే చూసుకోండి. ఆ ఏజెంటుకు డబ్బు కట్టకండి.

ప్రశ్న: అమ్మా, నాకు 52 ఏళ్లు. డిగ్రీ మధ్యలో మానేశాను. మా అత్తగారికి 81 ఏళ్లు, డిమెన్షియా అని రెండేళ్ల క్రితం డాక్టరు చెప్పారు. సాయంత్రమయ్యేసరికి "మా ఇంటికి పోతాను" అని సంచీ సర్దుకుంటుంది. ఇదే ఇల్లని చెబితే కోపం తెచ్చుకుంటుంది. మా అబ్బాయి, "నువ్వు కూడా ఆన్‌లైన్‌లో జెరంటాలజీ చదువమ్మా" అంటున్నాడు. ఈ వయసులో నాకు వీలవుతుందా?
ఒక కోడలు, యలహంక

జవాబు: వీలవుతుందమ్మా, కానీ ఇప్పుడు మీకు కావలసింది మైనర్ కాదు. అది డిగ్రీలో ఒక భాగం. డిగ్రీ మళ్ళీ మొదలుపెట్టాలని మీకు నిజంగా ఉంటే, అందుకు వయసు అడ్డం కాదు. అత్తగారి కోసమే అయితే స్వయం వేదికలో నచ్చిన పాఠాలను పరీక్షతో పని లేకుండా, ఫీజు లేకుండా వినవచ్చు. ఎక్కువ పాఠాలు ఇంగ్లీషులో ఉంటాయి కాబట్టి అబ్బాయిని పక్కన కూర్చోమనండి. అతనికీ నాలుగు విషయాలు తెలుస్తాయి.

సంచీ సంగతి గురించి రాస్తాను, మీకు ముందుగా అక్కరకు వచ్చేది అదే. సాయంత్రం పూట కలత పెరగడం ఈ జబ్బులో తరచుగా కనిపిస్తుంది. ఆవిడ పోతానంటున్న ఇల్లు చాలాసార్లు చిన్నప్పటి ఇల్లయి ఉంటుంది, లేదా ఏదో దిగులు ఆ మాటగా బయటికి వస్తూ ఉంటుంది. ఇదే ఇల్లని వాదిస్తే మీరు అబద్ధమాడుతున్నారని ఆవిడకు తోస్తుంది. "అలాగే అత్తయ్యా, మీ ఇంట్లో ఎవరెవరు ఉన్నారు, పెరట్లో ఏ చెట్లుండేవి" అని మాటలోకి దించండి, ఇంట్లో చీకటి పడకముందే దీపాలు వేయండి, ఆ వేళకు చేతికి ఒక పని ఇవ్వండి. చిక్కుళ్ళు వలవడమైనా, పూలు కట్టడమైనా సరే. ఆకలి, మలబద్ధకం, మూత్రంలో మంట వంటివి చెప్పుకోలేక కూడా ఇలా చేస్తుంటారు. ఈ కలత ఉన్నట్టుండి పెరిగితే ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించండి. ఒకవేళ బయటికి వెళ్ళిపోయినా తిరిగి చేరేలా ఆవిడ చీరకో, జాకెట్టుకో మీ ఫోన్ నంబరు కుట్టి ఉంచండి.

సంరక్షణ నేర్పే చిన్న తరగతులు డిగ్రీతో పని లేకుండా దొరుకుతాయి. బెంగళూరులో నైటింగేల్స్ మెడికల్ ట్రస్టు డిమెన్షియా ఉన్నవారి కోసమూ వారి కుటుంబాల కోసమూ చాలా ఏళ్లుగా పనిచేస్తోంది. నిమ్హాన్స్‌లో వృద్ధుల మానసిక ఆరోగ్యానికి విడిగా క్లినిక్ ఉంది. పెద్దల కోసం కేంద్రం నడిపే ఎల్డర్‌లైన్ నంబరు 14567, దానికి ఫోన్ చేస్తే ఖర్చుండదు. అత్తగారికి 70 ఏళ్లు దాటాయి కాబట్టి 2024 అక్టోబరులో మొదలైన ఆయుష్మాన్ వయ వందన కార్డుకు, ఇంట్లో ఆదాయం ఎంతన్నదానితో నిమిత్తం లేకుండా, ఆధార్‌తో దరఖాస్తు చేయండి. ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు ఆసుపత్రి ఖర్చుకు ఆ కార్డు ఉద్దేశించినది. మీ రాష్ట్రంలో, మీ దగ్గరి ఏ ఆసుపత్రిలో చెల్లుతుందో చేరే ముందే అడిగి తెలుసుకోండి. వారంలో ఒక పూట అత్తగారి బాధ్యతను పూర్తిగా మీ వారికో, అబ్బాయికో అప్పగించి మీరు ఇంట్లోంచి బయటికి వెళ్ళండి. ఎవరు ఏ పూట చూసుకోవాలో ఈ ఆదివారమే అందరూ కూర్చుని కాగితం మీద రాసుకోండి.